గండి దగ్గర మా రోటి పొత్రం

నా ఎడమ చెవి సరిగా వినబడదు. వయసు వల్ల అనుకుంటారు. కాదు, కొట్టారు. కొట్టినవాళ్లలో సగం మంది రోజూ పొద్దున నాతో నడకకు వచ్చేవాళ్లే.

ఎల్బీనగర్ దాటాక మా కాలనీ వెనక రిజర్వు అడవి ఉంది. తుమ్మలు, సీతాఫలం పొదలు, నెమళ్లు. దాని గోడకు ఒకచోట లారీ పట్టేంత గండి. కూల్చిన ఇళ్ల మట్టి, కోడిమాంసం దుకాణాల చెత్త అందులోంచి అడవిలోకి తెచ్చి పోసేవారు. అడ్డం వెళ్లిన ఫారెస్టు గార్డును ఒకరోజు పారతో కొట్టారు. మోచేతి దగ్గర ఎముక బయటికి కనబడింది. తువ్వాలు చుట్టి దవాఖానకు తీసుకుపోయింది నేనే. ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మర్నాడు వచ్చిన లారీ అద్దం రాయితో పగలగొట్టాను. డ్రైవరు ముఖమంతా రక్తం. తప్పేనని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాత్రం హాయిగా అనిపించింది.

అడవిని కాపాడే ప్లాను రాస్తున్నాం, మీరూ వచ్చి చెప్పండని అధికారులు కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. ఒకరు కెమెరాలన్నారు, ఒకరు కంచె అన్నారు. నేను లేచాను.

"గోడ కట్టేదాంక గండికాడ అమ్మవారిని నిలబెడదాం. ఎవడు చెత్త పోస్తడో చూద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. గోడ మీద ఎవరూ ఒంటికి పోకుండా దేవుళ్ల టైల్స్ అంటించే ఊరు మాది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన తెలివి కాదు.

మిక్సీ కొన్నాక మా ఇంట్లో రోటి పొత్రం మూలన పడి ఉంది. దాన్ని ఎత్తుకుపోతుంటే మా ఆవిడ ఆపింది.

"నా పొత్రంతోని ఏం పనయ్యా నీకు?"

"తర్వాత చెప్తా" అన్నాను. చెప్పలేదు.

పసుపు రాసి, కుంకుమ పెట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న వెండి కళ్లు అతికించి గండిలో నిలబెట్టాను. పొత్రమని ఎవరూ గుర్తుపట్టలేదు. లారీలు ఆగిపోయాయి. కట్టు కట్టిన చేత్తో గార్డు దండం పెట్టాడు. "కాకా, నా లాఠీకంటె గీ అమ్మనే నయం" అన్నాడు.

నెల తిరగకుండా కింద సిమెంటు గద్దె, పైన రేకుల షెడ్డు లేచాయి. రెండూ వేయించింది పాత ఊరి పెద్ద రైతు, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. భక్తుడనుకున్నాను. అడవికి అవతల అతని ప్లాట్లకు దారి లేదన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు.

రెండో మీటింగులో ముసాయిదా ప్లాను మ్యాపు గోడకు తగిలించారు. గుడి పక్కనుంచి అడవి నడిమధ్యగా ఎర్రగీత. భక్తుల కోరికపై రోడ్డు అని రాసి ఉంది. ఎవరైనా కాదంటే ఇవాళే చెప్పాలన్నారు.

గార్డు నా పక్కకు వచ్చాడు. "కాకా, నువ్వు చెప్పకుంటే అడవి రెండు ముక్కలైతది."

లేచి చెప్పాను. "గా గుడిల ఉన్నది అమ్మవారు కాదు. మా ఇంటి పొత్రం. నేనే పెట్టిన."

మొదటి కుర్చీ వీపున తగిలింది. రెండోది ఎటునుంచి వచ్చిందో చూడలేదు. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. చెవి మీద ఎవరి బూటో పడి లోపల గుయ్యిమంది. మా పక్కింటి గుంటూరు మాస్టారు చెప్పుతో కొడుతూ ఏడ్చాడు. "మా మనవడి జ్వరం ఆవిడే తగ్గించిందండీ. ఏం మాటలండీ అవి?" కొడుతూ కూడా అండీ అన్నాడు. గార్డు వంకరగా అతుక్కున్న చెయ్యి అడ్డం పెడితే దాన్నీ కొట్టారు. ప్లాట్ల ఆసామి మాత్రం ముందు వరసలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

ఎవరో చెబితే మా ఆవిడ వచ్చింది. నా వంక ఒకసారి చూసి, తిన్నగా గండి దగ్గరికి నడిచింది. జనం నన్ను వదిలి ఆమె వెంట పడ్డారు. నేను గోడలు పట్టుకుంటూ వెళ్లాను. ఆమె కూడా పొత్రమే అంటే చంపేస్తారని నా భయం.

పొత్రం అంచున పెచ్చు లేచిన చోట ఆమె వేలు పెట్టి చూసింది. ఎప్పుడో ఆమె చేతిలోంచి జారి పడితే లేచిన పెచ్చు అది. కొంగు తల మీదికి లాక్కుంది.

"అమ్మా, మా ఆయన నిన్ను కావలి పెట్టిండు. ఇన్నొద్దులు కాసినవు, చాలు. ఇంటికి పోదాం పా."

గద్దె మీది ఇసుకలోంచి ఎత్తి చంకన పెట్టుకుంది. "ఆపుండ్రి" అని ఆసామి అరిచాడు. అమ్మవారిని ఎత్తుకున్న ఆడమనిషి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. మాస్టారు చెప్పులు విడిచి దారి ఇచ్చాడు.

గుడి ఖాళీ అయ్యాక ఎర్రగీతకు సాకు మిగల్లేదు. ప్లానులోంచి రోడ్డు తీసేశారు. గండి పూడ్చి గోడ కట్టారు.

పొత్రాన్ని కడిగి మళ్లీ మూలన పెడుతుందనుకున్నాను. దేవుడి గూట్లో పెట్టింది.

"ఇగ దాంతోని పిండి రుబ్బవా?" అని అడిగాను.

"నిన్ను రుబ్బుతా" అంది.

నేను దానికి దండం పెట్టను. ఆ గదిలోకి చెప్పులతో వెళ్లడం మాత్రం మానేశాను.