రెండు ఊళ్ల బోర్డు

రైలు పెట్టె పక్కన తగిలించే ఆ ఊరి పేర్ల బోర్డును చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ కొసన ఒక ఊరు, ఆ కొసన ఇంకో ఊరు. బండి ఏ ఊరికి పోతుందో మాత్రం చెప్పదు. పోయేటప్పుడూ అదే బోర్డు, వచ్చేటప్పుడూ అదే. మార్చే పని తప్పుతుందని కాబోలు. పైగా దాన్ని పెట్టె నడిమధ్యన పెడతారు. మనం ఎక్కేదేమో కొసన ఉండే తలుపు దగ్గర. అక్కడ వేలాడే మనుషులు తప్ప ఇంకేమీ కనబడదు.

అందుకే వరంగల్ స్టేషన్లో ఆ బోర్డును ఎవరూ నమ్మరు. బండి ఆగీ ఆగకముందే కిటికీ దగ్గరి వాళ్లను "అన్నా, ఎటు పోతాంది ఇది?" అని అడుగుతారు. మా అమ్మదీ అదే అలవాటు. మా నాన్నకు అది నామోషీ. ఆయన మగ్గం పని చేసుకుంటూ పెద్దయ్యాక చదువు నేర్చుకున్న మనిషి. అచ్చులో కనబడిందంటే ఇక దానికి తిరుగు లేదు.

ఆ రోజు హైదరాబాద్‌లో పెద్దమ్మకు గుండె ఆపరేషన్. లోపలికి తీసుకుపోయేలోగా అక్కను ఒకసారి చూడాలని అమ్మ పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. మా బండి ఆలస్యం. ఇంతలో మేం నిలబడ్డ చోటికే ఒక బండి వచ్చి ఆగింది. పక్కన గూడ్సు బండి మోతలో మైకు మాట ఒక్కటీ వినబడలేదు. నాన్న బోర్డు ముందు నిలబడి, "గుంటూరు, సికింద్రాబాద్" అని కూడబలుక్కుని చదివి, "మనదే, ఎక్కుండ్రి" అన్నాడు.

"జర ఎవర్నన్న అడుగరాదు" అంది అమ్మ.

"అంత సాఫ్‌గ రాసిపెట్టినంక అడుగుడేంది? ఆఖర్న ఏ ఊరుంటె ఆడికే పోతది."

సంచులతో వెనక పరుగెత్తుకొచ్చిన నేను కూడా ఎక్కేశాను. బండి కదిలింది.

ఇట్టే రావలసిన కాజీపేట ఎంతకీ రాలేదు. మిరప చేన్లు వచ్చాయి. అమ్మ ఎదుటి సీటావిడను అడిగింది.

"గుంటూరు పోయేటిది గదా అక్కా. మీరెటు పోవాలె?"

మహబూబాబాద్‌లో దిగి ఎదురు బండి కోసం కూర్చున్నాం. పెద్దమ్మ ఫోన్ చేసింది. "యాడున్నవే?"

"వస్తాన్న అక్కా. వస్తాన్న" అంది అమ్మ.

నాన్న లేచి వెళ్లి, ఎదురు బండి ఎప్పుడొస్తుందో కనబడ్డవాళ్లనల్లా అడిగాడు.

మేం దవాఖానకు చేరేసరికి పెద్దమ్మను లోపలికి తీసుకుపోయారు. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని వాళ్ల కోడలు చెప్పింది. పెద్దమ్మ ప్రాణాలతో బయటికి రాలేదు.

నాకు కోపమంతా ఆ బోర్డు మీదే. బండి పోయే వైపుకు ఒక్క బాణం గుర్తు పెడితే ఎవరి సొమ్మేం పోయింది? ఆ రోజు మా అమ్మ వాళ్ల అక్క చెయ్యి పట్టుకుని ఉండేది.