ఒక్కసారి తొక్కిన క్లచ్

షెడ్డులో అందరూ అతన్ని గుడ్డి మేస్త్రి అంటారు. కళ్ళు బాగానే కనిపిస్తాయి. గేరు శబ్దం చేస్తోందని ఎవరైనా లారీ తెస్తే మాత్రం అతను స్టీరింగు ముట్టుకోడు. డ్రైవరునే నడపమని, పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంటాడు.

"మా మేస్త్రికి బండి నడపడం రాదండోయ్. పెళ్ళి రోజున కూడా కళ్ళు మూసుకునే కూర్చున్నాడట," అంటాడు పక్క షెడ్డు వెల్డరు.

"తెరిచి చూసి చేసుకున్నావుగా, నువ్వేం బాగుపడ్డావు?" అంటాడు మేస్త్రి. అంతకు మించి మాట్లాడడు.

అన్ని గేర్లలోనూ కరకరమంటే జబ్బు క్లచ్‌ది. నిలబెట్టిన బండిలో క్లచ్ తొక్కించి, ఐదు అంకెలు లెక్కపెట్టి, రివర్సు వేయిస్తాడు. అప్పుడూ కరకరలాడితే, పెడలు నేలకి ఆనినా క్లచ్ ఇంజన్ని పూర్తిగా వదలడం లేదని అర్థం. ఒక్క గేరులోనే వస్తే లోపలి ఇత్తడి రింగు అరిగింది. వేరువేరు వేగాలతో తిరిగే పళ్ళచక్రాలను ముందు ఒక వేగానికి తెచ్చి, ఆ తరువాతే పళ్ళు కలవనిచ్చేది ఆ రింగు.

రోడ్డెక్కాక ప్రతి డ్రైవరుకూ ఒకే మాట చెబుతాడు.

"క్లచ్ ఒక్కసారే తొక్కు. పని రానివాడిలా నడుపు."

పాత డ్రైవర్లకు అది చేతకాదు. వాళ్ళ కాలు తనంతట తానే రెండుసార్లు తొక్కుతుంది. గేరు న్యూట్రల్లోకి తెచ్చేటప్పుడు ఒకసారి, యాక్సిలరేటరు తట్టాక మళ్ళీ ఒకసారి. అలా తొక్కితే వేగాలు ముందే కలుస్తాయి, అరిగిన రింగు కూడా నోరెత్తదు. మంచి కాలు జబ్బును దాచేస్తుంది.

అతనికి ఇది ఎవరూ నేర్పలేదు.

పదకొండేళ్ళ కిందట బావ, అక్క భర్త, తన లారీ తెచ్చాడు. "మూడు నుంచి రెండుకి దింపుతుంటే ఒక్కోసారి కరకరమంటోందిరా," అన్నాడు. మేస్త్రి తనే నడిపి చూశాడు. అప్పట్లో నేర్పుకి అతని కాలు పెట్టింది పేరు. వాలు దాకా రెండుసార్లు వెళ్ళివచ్చాడు. గేరు మెత్తగా పడింది.

"ఏమీ లేదు బావా, క్లచ్ కాస్త బిగించాను. అనుమానం పెనుభూతం అంటారే, అదీ నీ జబ్బు," అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం లోడుతో కొండ దిగుతుంటే లారీ రెండో గేరులో పడలేదు. న్యూట్రల్లో ఉండిపోయింది. ఇంజను పట్టు లేక భారమంతా మీద పడి, వేడెక్కిన బ్రేకులు పట్టు వదిలాయి. మలుపు దాకా గేరు కరకర వినిపిస్తూనే ఉందని వెనక వస్తున్న డ్రైవరు చెప్పాడు. కంగారులో ఉన్న మనిషికి రెండుసార్లు తొక్కే తీరిక ఉండదు.

బ్రేకులు ఫెయిలయ్యాయని అందరూ అన్నారు. మేస్త్రి కాదనలేదు.

ఆ శబ్దం అతను వినలేదు. వినలేదు కాబట్టే అన్నింట్లోనూ వినిపిస్తుంది. రేకు తలుపు లాగినప్పుడు, పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపినప్పుడు, అక్క నీళ్ళ గ్లాసు గచ్చు మీద పెట్టినప్పుడు. అక్క ఇంటికి వెళితే గుమ్మం పక్కన స్టూలు మీదే కూర్చుంటాడు.

"లోపలికి రారా, ముళ్ళున్నాయా ఇక్కడ?" అంటుంది అక్క.

"పనుందక్కా," అని లేస్తాడు.

ఒక సోమవారం పొద్దున షెడ్డులోకి వచ్చిన లారీలోంచి మేనకోడలు దిగింది. తండ్రి పోయేనాటికి పదిహేడేళ్ళది. లారీ నడపడం మొదలుపెట్టి రెండేళ్ళయింది.

"మామయ్యా, ఐదు నిమిషాలు చూడవూ. మూడు నుంచి రెండుకి దింపుతుంటే ఒక్కోసారి కరకరమంటోంది. మధ్యాహ్నం రెండింటికి లోడుతో కొండ దిగాలి."

చేతిలో స్పానరు ఉందన్న సంగతి అతను కాసేపు మరిచిపోయాడు.

పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఐదు అంకెలు లెక్కపెట్టి రివర్సు వేయించాడు. చప్పుడు లేదు. రోడ్డెక్కారు. మూడు, రెండు. చప్పుడు లేదు. మళ్ళీ మూడు, రెండు. ఆ నిశ్శబ్దంలో ఆమె కాలు వినిపించింది. టప్, టప్.

"రెండుసార్లు తొక్కుతున్నావు."

"నాన్న అలాగేగా నేర్పాడు. నా కాలు నా మాట వినదు."

"ఒక్కసారి తొక్కు."

"గేరు ఏడుస్తుంది మామయ్యా."

"ఏడవనీ."

ఒక్కసారి తొక్కింది. ఇనుము ఇనుమును కొరికింది. పదకొండేళ్ళుగా చెవిలో మోసిన శబ్దం కంటే అది చిన్నది. ఇంతేనా, అనుకున్నాడు.

"బండి వదిలి వెళ్ళు," అన్నాడు.

"రేపు తెస్తాలే. రెండుసార్లు తొక్కితే బాగానే పడుతోందిగా."

"వద్దు."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. చూడమని వస్తే బండే లాక్కుంటావా?" నవ్వింది. అది తండ్రి నవ్వు. "క్లచ్ కాస్త బిగించి పంపెయ్, చాలు."

ఏదో ఒక అబద్ధం ఆడి ఆపవచ్చు. నమ్మకపోతే ఇంకో షెడ్డుకి పోతుంది. అక్కడ మంచి కాలున్న మేస్త్రి ఒకడు తనే నడిపి చూసి, ఏమీ లేదంటాడు.

అతను కళ్ళు తెరిచాడు.

"మీ నాన్న బండిలోనూ ఇదే. ముందురోజు నా దగ్గరికి తెచ్చాడు. నేనే నడిపాను, రెండుసార్లు తొక్కి. ఏమీ లేదన్నాను. బ్రేకులు ఆ తరవాత పోయాయమ్మా."

ఆమె బండి పక్కకు తీసి ఇంజను ఆపింది. చేయి గేరు రాడ్డు మీదే ఉంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అప్పుడు గేరుబాక్సు విప్పి చూడలేదా?"

"లేదు."

"తరవాతైనా?"

"తుక్కుకి పోయింది. చూసే ధైర్యం లేకపోయింది."

"మరి రింగే అరిగిందని నీకెలా తెలుసు?"

"తెలీదు," అన్నాడు. "ఎప్పటికీ తెలీదు."

ఆమె ఫోను తీసి, ఇవాళ లోడుకి రాలేనని ఎవరికో చెప్పింది. షెడ్డుకి వచ్చాక నూనె డ్రమ్ము మీద కూర్చుంది. అన్నం తిని వస్తావా అని వెల్డరు అడిగితే తల ఊపింది గాని కదల్లేదు.

గేరుబాక్సు దించి విప్పేసరికి సాయంత్రమైంది. మేస్త్రి రెండో గేరు రింగు తీసి, గేరు మెడ మీద పెట్టి తిప్పాడు. అది పట్టుకోవాలి. సబ్బు రాసిన ఉంగరంలా జారింది. లోపలి సన్నని గీతలు అద్దంలా నునుపెక్కాయి. తుడిచి ఆమెకిచ్చాడు. ఆమె బొటనవేలితో లోపలంతా తడిమి, తిరిగి అతని అరచేతిలో పెట్టింది.

"కొత్తది రేపు వేద్దువుగాని. ఇది అమ్మకి నువ్వే చూపించు."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. దారిలో ఒక లారీ వాలు దిగుతోంది. ఇద్దరూ ఆగి విన్నారు. గేరు శుభ్రంగా పడింది. డ్రైవరు ఒకసారి తొక్కాడో రెండుసార్లు తొక్కాడో బయట నిలబడ్డవాళ్ళకి తెలియదు.

అక్క ఇంట్లో స్టూలు గుమ్మం పక్కనే ఉంది. అతను దాన్ని దాటి లోపలికి వెళ్ళి నేల మీద కూర్చున్నాడు.

"ఏంట్రా, ఇవాళ ఇంత దూరం వచ్చావు?" అంటూ అక్క నీళ్ళ గ్లాసు గచ్చు మీద పెట్టింది.

ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉన్నాడు. తరువాత జేబులోంచి రింగు తీసి, గ్లాసు పక్కన పెట్టాడు.