మా బావ ఎండబెట్టిన టీపాయి

మా బావ జయప్రకాష్‌కు ఆగడమంటే గిట్టదు. నంద్యాలలో జెరాక్సు షాపు ఆయనది. లామినేషన్ చల్లారకముందే తీసి జనం చేతుల్లో పెట్టి వేళ్లు కాల్పిస్తాడు. ఇల్లు కట్టినప్పుడు స్లాబు తడిపే ఓపిక కూడా లేక గబగబా పైన గోడలు లేపాడు. ఇప్పుడు వానొస్తే హాల్లో బకెట్లు పెట్టుకుంటారు. అదేమంటే, "పని అయిందా లేదా, అది చూడప్పా" అంటాడు. సిగ్గన్నది ఆ మనిషి దరిదాపులకు రాలేదు.

అలాంటివాడి చేతిలో మా నాయన చెట్టు పడింది.

ఆళ్లగడ్డలో మా ఇంటి ముందున్న వేపచెట్టు నాయన నాటింది. రోడ్డు వెడల్పు చేస్తామని కొట్టేశారు. నాయన పోయాక ఆయన చేతిదంటూ మాకు మిగిలింది అదొక్కటే. మొద్దును కోత మిషనుకు తీసుకుపోతే లోపలంతా తొర్ర. ఒక్క పలక మాత్రం గట్టిది వచ్చింది.

"అది నాకియ్యిరా ఎజ్రా, టీపాయి చేయించుకుంటా. నాయన ఇంట్లోనే ఉన్నట్టుంటాది" అంది బావ భార్య, మా జీవమ్మక్క. ఇచ్చాను.

ఏడాదన్నా నీడలో ఆరాలని కోత మిషనాయన చెప్పాడు. అక్క దాన్ని మెట్ల కింద, గాలి ఆడేలా ఇటుకల మీద పెట్టింది. కొసలు ముందే ఆరి పగలకుండా మిగిలిపోయిన పెయింటు పూసింది. అప్పుడప్పుడూ తిరగేసి, కాసేపు నిమిరి పోయేది.

మా బావగారేమో వేసవిలో ఇంట్లో పెట్టే ప్రార్థన కూడికకు కొత్త టీపాయి మీదే బైబిలు పెడతానని సంఘమంతా చాటుకొచ్చాడు. అక్క కోయిలకుంట్లలో పెళ్లికి పోయిన వారం చూసి, పలకను మిద్దె మీదికి ఎక్కించి మిరపకాయల పక్కన పరిచాడు. నంద్యాల ఎండలో! తెలిసి ఫోన్ చేశాను.

"ఏందీ బావా, చెక్కను ఎండలో పెడ్తాండావా?"

"మిరపకాయలు ఎండుతాండాయి, ఇదెందుకు ఎండదప్పా? బేగా అయిపోతాది. నువ్వు ఫోన్ పెట్టు."

ఎండింది. అంచులు పైకి లేచి, నడిమికి చీలింది. బుద్ధున్నవాడైతే అక్కడన్నా ఆగేవాడు. ఈయన చీలికలో రంపపు పొట్టు, ఫెవికాల్ కూరి, పైభాగమంతా సాపు చేయించి, కింద నాలుగు కాళ్లు కొట్టించి, పైన సన్‌మైకా అంటించాడు. అది కూడా టేకు చారలది! వేపచెక్క మీద టేకు బొమ్మ. థూ!

అక్క వచ్చి చూసింది. ఆ పూట అన్నం తినలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

కూడిక నాడు ఇల్లంతా జనం. "టేకా బ్రదర్? భలే ఉంది" అన్నారెవరో. బావ పళ్లికిలించాడు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. బైబిలు తీసి పాస్టరుగారి చేతికిచ్చింది. టీపాయిని రెండు చేతులా పట్టి బోర్లా తిప్పేసింది. కాళ్లు నాలుగూ పైకి లేచాయి. అడుగున సన్‌మైకా లేదు. చీలిన వేపచెక్క ఉంది.

"ఏందే ఇది! అందరూ చూస్తాండారు!"

"చూడనీ. నువ్వు అంటించింది నువ్వే ఉంచుకో. మా నాయన ఈ పక్కుండాడు."

అక్క దాని పక్కనే నేల మీద కూర్చుంది. కూడిక అయ్యేదాకా ఆ చీలిక మీద నుంచి చెయ్యి తీయలేదు.