రికార్డు రెండో వైపు

రికార్డులు వచ్చిన రోజు ట్రాలీ ఆటో అతను పెట్టెలను గేటు దగ్గరే దించేసి వెళ్లిపోయాడు. నాచారంలో మాది లిఫ్టు లేని బిల్డింగు, మూడో అంతస్తు. రెండు వందల వినైల్ రికార్డులు ఎంత బరువుంటాయో ఆ మెట్ల మీదే తెలిసింది. వాచ్‌మన్ చేయి వేయబోతే వద్దన్నాను. ఒక్కో పెట్టెను ఛాతీకి ఆనించుకుని ఎక్కాను. ఇరవై ఎనిమిదేళ్లు గిటారు వాయించాక, నలభై అయిదేళ్ల వయసులో, నా పాటలతో నా పేరు మీద వచ్చిన మొదటి రికార్డు అది. అందులో ఏడు పాటలు. పాటలంటున్నాను గానీ వాటిలో మాటలు లేవు. గిటారే పాడుతుంది.

మా నాన్న మల్లాపూర్‌లో రేకులు కొట్టే ప్రెస్ షాపులో పనిచేసేవాడు. రిటైరయ్యే నాటికి ఆయనతో మాట్లాడాలంటే ముందు భుజం తట్టి, తర్వాత అరవాల్సి వచ్చేది. మా ఇంట్లో అందరం గట్టిగానే మాట్లాడేవాళ్లం. నా దోస్తులు వస్తే నాకు సిగ్గేసేది. ఏమైనా సరే ఆ షాపులో మాత్రం అడుగు పెట్టనని ఇంటర్‌లోనే నిర్ణయించుకున్నాను. అదే ఏడాది సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కున్నాను.

నలుగురం కలిసి రాక్ బ్యాండ్ పెట్టాం. డ్రమ్స్ వాయించేవాడిని నేను బావా అనేవాణ్ని, వాడు నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ల మేనమామకు మల్లాపూర్‌లో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆదివారాలు మిషన్లు ఆగిపోయాక అందులో ప్రాక్టీస్ చేసేవాళ్లం. నాలుగు వైపులా రేకులే, పైనా రేకులే. డ్రమ్స్ మోత మీద నా గిటారు నాకు వినబడాలంటే ఆంప్లిఫయర్ చివరిదాకా పెంచాల్సి వచ్చేది. ఇంటికొచ్చాక సోమవారం సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉండేది. అది మాకు గొప్పగా ఉండేది. ఎవడి చెవులు ఎక్కువసేపు మోగితే వాడు అంత బాగా వాయించినట్టు.

కాలేజీ ఫెస్టులు, తర్వాత పబ్బులు. ఆరేడేళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత పాడేవాడు ఉద్యోగానికి బెంగళూరు పోయాడు. బేస్ గిటారువాడు సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. బావ ఉప్పల్‌లో టూవీలర్ స్పేర్ పార్టుల దుకాణం పెట్టుకున్నాడు. నేను ఒక్కడినే మిగిలాను. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాతో వాయించాను. సినిమా పాటల రికార్డింగులకు పిలిస్తే వెళ్లి, నాలుగు ముక్కలు వాయించి వచ్చేవాణ్ని. ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన గది తీసుకుని గిటారు నేర్పడం మొదలుపెట్టాను. ఇవన్నీ చేస్తూ ఏడు పాటలు కట్టుకున్నాను. ఫోన్‌లో పెడితే వేలితో తోసేసి పోతారని భయం. చేతిలో పట్టుకునే వస్తువుగా, సూది పెట్టి కూర్చుని వినే రికార్డుగానే రావాలనుకున్నాను.

వాయించడం, రికార్డు చేయడం, మిక్సింగ్, అంతా నేనే. ఇంట్లో వెనక గదిలో ఏడాదిన్నర పట్టింది. ఎంత చేసినా గిటారు మసకగా ఉన్నట్టు అనిపించేది. మెరుపు కోసం పై శబ్దాలు, అంటే ట్రెబుల్, కొంచెం పెంచేవాణ్ని. వారం తర్వాత మళ్లీ మసకగానే ఉండేది. ఇంకొంచెం పెంచేవాణ్ని.

రికార్డు కట్ చేసేవాడు, అంటే పాటను గాడిగా గీసి అచ్చు తీసేవాడు, ముంబైలో ఉంటాడు, పెద్దవాడు. పాటలు పంపిన రెండు రోజులకు ఫోన్ చేశాడు. పై శబ్దాలు చాలా ఎక్కువగా ఉన్నాయని, గాడిలో సూది తట్టుకోలేదని, ముఖ్యంగా రెండో వైపు చివర గీరినట్టు వస్తుందని, తాను కొంచెం తగ్గిస్తానని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. నాకు కోపం వచ్చింది. తగ్గించవద్దు, అది నా సౌండ్ అని మెసేజ్ పెట్టాను. ఆయన పరీక్ష కోసం ఒక కాపీ పంపాడు. రెండు వైపులా విన్నాను. నా చెవికి ఏ తప్పూ దొరకలేదు. సరే, చేసేయండి అన్నాను.

కొన్ని కాపీలు ముందే అడిగినవాళ్లకు పోస్టులో పంపాను. ఆ తర్వాతి ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ పైగదిలో పదిమందిని కూర్చోబెట్టి రికార్డు వేశాను. నా భార్య, బావ, నా దగ్గర గిటారు నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు కొందరు. మొదటి పాట సగంలో ఒకావిడ కొంగు చెవి మీదికి లాక్కుంది. ఫ్యాన్ గాలి అనుకున్నాను. ఒకాయన ఫోన్ తీసి, అది మోగకపోయినా, హలో అంటూ బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. రెండో వైపు చివరి పాటకు బావ దవడ పట్టుకుని నేల చూస్తున్నాడు.

అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. బావ మాత్రం దగ్గరకు వచ్చాడు.

"బావా, ఏమనుకోకు. జర చెవుల్ల గుచ్చుతుంది."

"ఏం గుచ్చుతుంది?"

"నీ గిటారే. గాజుపెంకు తోని ప్లేటు గీకినట్టుంది. ఆఖరి పాటకైతే నేను కూసోలేకపోయిన."

"నాకు మంచిగనే ఉంది."

"ఒక్కసారి ఎవరికన్నా సూపెట్టు. మిక్సింగ్ల ఏదో గడబడైంది."

అందరూ వింటున్నారు. నేను గొంతు తగ్గించలేదు. "క్లచ్ ప్లేట్లు అమ్ముకునేటోనికి మిక్సింగ్ గురించి ఏం తెలుస్తది? నువ్వు వదిలేసి పోయినవ్, నేను వదల్లేదు. అదే నీ కడుపుమంట."

బావ హెల్మెట్ తీసుకుని మెట్లు దిగాడు. నా భార్య కప్పులు సర్దుతూ నా వైపు చూడలేదు.

తప్పు రికార్డు కట్ చేయడంలోనే జరిగి ఉంటుందనుకుని ఆ మధ్యాహ్నమే ముంబైకి పెద్ద మెయిల్ రాశాను. మీరు నా రికార్డును పాడు చేశారని, నా జీవితంతో ఆడుకున్నారని, ఇంకా ఏవేవో. జవాబుగా ఆయన నేను పంపిన పాత మెసేజ్‌నే తిప్పి పంపాడు. తగ్గించవద్దు, అది నా సౌండ్. 

అయినా నమ్మలేదు. కొన్ని కాపీలు మాత్రమే పాడై ఉంటాయనుకున్నాను. పోస్టు చేసినవాటిలో దగ్గరిది లాలాపేట్‌లో ఉంది. స్కూటర్ వేసుకుని వెళ్లాను. ఫ్లైఓవర్ పక్క సందులో చిన్న ఇల్లు. రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరైన పెద్దాయన. రెండు చెవులకూ వినికిడి మిషన్లు ఉన్నాయి. ముందుగదిలో పాత ఆంప్లిఫయర్, రికార్డు ప్లేయర్, దుమ్ములేకుండా తుడిచిన రికార్డులు.

"నీదేనా తమ్మీ ఇది? మంచిగుంది," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీకు చెవుల్లో గుచ్చుతలేదా సార్?"

"గుచ్చుతుంది గదా. అందుకే మిషన్లు తీసి ఇంటున్న. తీస్తే మస్తుంటది. ఇంట్లోళ్లు ఇనాలంటే ట్రెబుల్ సున్నాకు తిప్పాలె."

రికార్డు వేసి చూపించాడు. ట్రెబుల్ బటన్ మధ్యలో ఉన్నప్పుడు నాకు నా గిటారు చక్కగా వినబడింది. లోపలి నుంచి ఆయన కోడలు అరిచింది. "మామయ్యా, అది తగ్గించున్రి, తల పగుల్తుంది!" ఆయన బటన్ సున్నాకు తిప్పాడు. గిటారు ఎవరో దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. లోపల అరుపు ఆగింది.

పెద్దాయన నా ముఖమే చూస్తున్నాడు. రికార్డు ఆపేశాడు.

"ఇప్పుడు నీకేమన్న మోగుతున్నట్టు వినబడుతుందా?"

విన్నాను. బండ్ల చప్పుడు ఉంది, ఫ్యాను ఉంది. "లేదు సార్."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, మూలనున్న వాషింగ్ మిషన్ బటన్ నొక్కి వెళ్లింది.

"అది ఇంతసేపు బీప్ బీప్‌మని మొత్తుకుంటుంది తమ్మీ," అన్నాడాయన. "నేను ముప్పై ఏండ్లు సుత్తెల మోతల పనిచేసిన. నువ్వు ఏడ పనిచేసినవ్?"

నేను రికార్డు వెనక్కి అడగలేదు. ఎలా ఇంటికి వచ్చానో సరిగ్గా గుర్తులేదు.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినబడితే నొక్కాలి. మొదట్లో గబగబా నొక్కాను. తర్వాత నిశ్శబ్దం. మిషన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. అద్దంలోంచి చూస్తే పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి కదులుతూనే ఉంది. ఆమె శబ్దాలు పంపుతోంది, నాకు అందడం లేదు. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా బటన్ నొక్కడం మొదలుపెట్టాను. నాలుగైదుసార్లకు ఆమె కనిపెట్టింది. తలుపు తీసి, "సార్, కుర్చీ గోడ వైపు తిప్పుకోండి," అంది మెల్లగా.

గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ తర్వాత చాలాసేపు నా వేలు కదలలేదు.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. ఎడమ నుంచి బాగానే వచ్చి, సగంలో, పై శబ్దాలు మొదలయ్యే చోట, గుంతలోకి దిగిపోయినట్టు పడిపోయింది. రెండు చెవులకూ అంతే. "ఫ్యాక్టరీలో పనిచేస్తారా?" అని అడిగాడు.

"లేదు. మా నాన్న చేసేవాడు."

నరం దెబ్బతిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలంటే పెద్ద సౌండుకు దూరంగా ఉండాలని చెప్పాడు. గిటారు వాయిస్తానని చెప్పాను. వినికిడి మిషన్లు రాశాడు. ఇప్పుడు అవి పెట్టుకుంటే మాటలు తేటగా వినబడతాయి. గిటారు మాత్రం రేకు డబ్బాకు తీగ కట్టి మీటినట్టు ఉంటుంది.

ఇంటికొచ్చి కాగితం నా భార్య చేతిలో పెట్టాను. చదవకుండానే మడిచింది.

"మన పాప చిన్నగున్నప్పుడు జొరమొస్తే, థర్మామీటర్ మోగుతుంటే నువ్వు పక్కనే కూసొని సూడలే. యాదుందా? వంటింట్లకెల్లి పిలిస్తే పలకకపోతివి. కావాలనే పలుకుతలేవనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

"మరి నా పాటలు?"

"నువ్వు పెట్టినప్పుడల్లా చెవులు నొచ్చేటివి. అందుకే లోపలికి పోయేదాన్ని. అంత పాణం పెట్టి చేస్తుంటే నీకెట్ల చెప్పాలె?"

ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. వెనక గదిలోకి వెళ్లి గిటారు తీగలన్నీ వదులు చేశాను. తర్వాత వారం రోజులు క్లాసులకు వెళ్లలేదు. గోడకు తిరిగి పడుకునేవాణ్ని. ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని చోట్ల, ఎంతమంది ముందు ఇలా గుచ్చేలా వాయించానో లెక్కపెట్టుకోవడానికి ప్రయత్నించేవాణ్ని. సినిమా రికార్డింగులకు పిలుపులు ఎందుకు ఆగిపోయాయో అర్థమైంది. వయసు చూసి పక్కన పెట్టారని అందరి దగ్గరా చెప్పుకుని తిరిగాను. వాళ్లు మర్యాదకు ఏమీ అనలేదు, అంతే.

తొమ్మిదో రోజు బావ దుకాణానికి వెళ్లాను. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. నన్ను చూసి కూడా పని ఆపలేదు. అందరూ వెళ్లేదాకా నిలబడ్డాను.

"బావా, నాకు చెవులు పోయినయి."

వాడు చేతిలోని పెట్టె కింద పెట్టాడు. డాక్టరు కాగితం చూపించాను. గీత మీద నల్లబడ్డ వేలు పెట్టి చివరిదాకా జరిపాడు.

"షెడ్డుల ప్రాక్టీసు తోనేనా?"

"అన్నిటి తోని."

"నాకెందుకు కాలే మరి?"

"నువ్వు తొందరగ వదిలేసినవ్."

వాడు తల దించుకున్నాడు. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలని వచ్చాను గానీ, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వాడే అన్నాడు, "ఆదివారం వస్త. కంప్యూటర్ ఆన్ చేసి పెట్టు."

వచ్చాడు. నా కుర్చీలో వాడు కూర్చున్నాడు, నేను మంచం అంచున. ఏది ఎక్కడ తగ్గించాలో నేను చెబుతుంటే, ఎంత తగ్గించాలో వాడు విని చూసుకున్నాడు. పొద్దున మొదలుపెడితే రెండో వైపు చివరి పాట దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. తగ్గించిన కొద్దీ నా గిటారు నాకు దూరమైపోయింది. పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు ఉంది. తీగ మీద మీటే ప్లాస్టిక్ పిక్ తగిలే చప్పుడు, నోట్ చివర్న మెరిసే అంచు, ఏవీ లేవు. కానీ బావ కాలు నేల మీద తాళం వేస్తోంది. నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. పాట అయిపోయేదాకా కదల్లేదు.

"ఇది గదా బావా నువ్వు వాయించేది," అన్నాడు వాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి. "ఎట్లుంది నీకు?"

"మళ్లొకసారి పెట్టు."

పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. వాళ్లిద్దరి ముఖాలు చూస్తూ కూర్చున్నాను. వాళ్లకు అందుతున్నది ఏమిటో నాకు తెలియలేదు.

"గిట్లనే ఉంచాల్నా? చెప్పు," అన్నాడు.

"నాకేం తెలుస్తది? నువ్వే చెప్పాలె."

వాడు సేవ్ చేసి లేచాడు. అన్నం తిని వెళ్లాడు.

మిగిలిన రికార్డులు మంచం కింద ఉన్నాయి. కొత్త మిక్సు ముంబైకి పంపమని బావ వారానికోసారి ఫోన్ చేస్తాడు. అక్కడ కట్ చేసే పెద్దాయనకు క్షమాపణ రాస్తే మళ్లీ కట్ చేస్తాడని కూడా అంటాడు. పంపుతానంటాను. ఇంతవరకు పంపలేదు. నేను వినలేని దాని మీద నా పేరు ఎలా వేయాలో తెలియడం లేదు. మా ఆవిడ డ్యూటీకి వెళ్లాక కొన్నిసార్లు పక్కవాళ్లకు ఇబ్బంది కలగకుండా తలుపులూ కిటికీలూ మూసేస్తాను. డాక్టరు వద్దన్నాడని తెలిసే పాత రికార్డు పెట్టి వాల్యూం పెంచుకుంటాను. అందులో నా గిటారు నాకు స్పష్టంగా వినబడుతుంది.