తిరగేసిన చొక్కా మాస్టారు

థెరపీ మాస్టారు చొక్కా తిరగేసి తప్ప వేసుకోరు. కుట్లన్నీ బయటికి, మెడ వెనక లేబులు లోకమంతా చదువుకునేలా. "మాస్టారూ, చొక్కా తిరగబడింది!" అంటే రోజూ కొత్తగా ఉలిక్కిపడతారు. "అయ్యో, చూసుకోనేలేదు!" అంటారు. అని, సాయంత్రం దాకా అలాగే తిరుగుతారు.

థెరపీకి వచ్చిన మొదటిరోజే పాప తల్లికి గుండె జారింది. చొక్కా వేసుకోవడం రాని మనిషా నా పిల్లకు నేర్పేది? ఏడేళ్ల పాపకు బట్టల కుట్లు తగిలితే ఒంటిమీద ముళ్లు పాకినట్టే. పొద్దున్నే యూనిఫాం దగ్గర గంటన్నర యుద్ధం, చివరికి తల్లీకూతుళ్లిద్దరూ నేలమీద కూర్చుని ఏడవడం.

"తిరగేసి తొడగండమ్మా," అన్నారు మాస్టారు మొదటి నెలలోనే.

"మీలాగానా? బళ్లో నవ్విపోరూ!"

ఆరు నెలలు ఊయల ఊపారు, మెత్తటి బ్రష్షుతో చేతులు రుద్దారు, బరువు దుప్పటి కప్పారు. పాప మేజోళ్ల దాకా వచ్చి చొక్కా దగ్గర ఆగిపోయింది. ఈలోగా బడి నుంచి కబురు: సోమవారం యూనిఫాంలో రాకపోతే ఇక రానక్కర్లేదు. అది మూడో బడి. నాలుగోది చేర్చుకోనని ముందే చెప్పేసింది.

తల్లి థెరపీ గదిలోనే కూలబడింది. "దీనికెప్పుడు తగ్గుతుందండీ?"

"పూర్తిగా తగ్గకపోవచ్చమ్మా."

మిగిలిన కాస్త ఆశా ఆరిపోయింది. ఆ కోపం చొక్కా మీద పడింది. "ముందు మీరు దాన్ని సరిగ్గా వేసుకుని రండి!"

"అయ్యో, చూసుకోనే..."

అప్పుడు చూసిందామె. చొక్కా తిరగబడితే గుండీలు లోపలుండాలి. ఇవి బయటే ఉన్నాయి.

మాస్టారు దొంగలా దొరికిపోయి కిటికీవైపు తిరిగారు. గది ఊడుస్తున్న ఆయమ్మే చెప్పింది. "కొత్త చొక్కా కొన్నప్పుడల్లా నేనే గుండీలు పీకి ఇటు కుడతానమ్మా. పదేళ్ల కిందట ఓ పిల్ల తిరగేసి తొడుక్కొస్తే అందరూ నవ్వారు. మర్నాటి నుంచీ ఈయనదీ తిరగబడింది. నవ్వేవాళ్లు ముందు తనని చూసి నవ్వాలిట."

తల్లి సంచిలోంచి యూనిఫాం తీసి ఆయమ్మ ఒళ్లో పెట్టింది.

సోమవారం బడి గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ కళ్లద్దాలు సర్దుకుంది. "ఏంటమ్మా, చొక్కా తిరగబడింది?"

పాప ఒకసారి వెంట వచ్చిన మాస్టారి వైపు చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, చూసుకోనేలేదు!" అని, తిన్నగా క్లాసులోకి నడిచిపోయింది.

"యూనిఫాం వేసుకు రమ్మన్నారు," అన్నారు మాస్టారు వినయంగా. "ఏ వైపో చెప్పలేదు."

హెడ్మిస్ట్రెస్ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "మాస్టారూ, మీదీ..."

ఆయన ఉలిక్కిపడేలోపే, ఆరు నెలల్లో మొదటిసారి, పాప తల్లి పకపకా నవ్వేసింది.