పచ్చ టైల్స్ వేసిన గిర్ని

గిర్ని పోయింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా ఆశపెట్టి, ఆఖర్న చేతులెత్తేయడం నాకు చేతకాదు.

మోండా మార్కెట్ వెనక గల్లీలో మాది పిండి గిర్ని. నా పెనిమిటి పెట్టింది. ఆయన పోయాక పదకొండేళ్లు నేనే నడిపాను, వెనక గదిలోనే ఉన్నాను. నాకు చదువు రాదు. సంతకం గీస్తాను, బస్సు నంబరు చదువుతాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే మా మేడ మీద ఉండిన టీచరమ్మ రాస్తోంది. కాకినాడ దిక్కు క్రైస్తవుల ఆడపడుచు. పెళ్లి చేసుకోలేదు. సికింద్రాబాద్ మిషన్ బడిలో తల నెరిసేదాకా పాఠాలు చెప్పింది. నా మాటను మెత్తగా మార్చి రాయనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

మా గల్లీలో ఎవరి పండగ వస్తోందో తెలియాలంటే క్యాలెండర్ అక్కర్లేదు, గిర్ని ముందు వరస చూస్తే చాలు. తడి బియ్యం గిన్నెలు వచ్చాయంటే క్రిస్మస్, టీచరమ్మ చుట్టాలంతా అరిసెలు వండుతారు. శనగపప్పు వచ్చిందంటే రంజాన్. మినప్పప్పు వేయించి బియ్యంతో కలిపి తెచ్చారంటే అరవవాళ్ల మురుకులు. చలికాలం మార్వాడీ ముసలమ్మ సజ్జలు తెచ్చి, పిండి సంచిలో పడేదాకా అక్కడే నిలబడేది. మా తెలంగాణవాళ్ల జొన్నలు ఏడాది పొడుగునా ఉండేవి. ఒకరి పిండిలో ఒకరిది కలవకుండా పట్టడమే మా పని. మిర్చి మంగళవారం ఒక్కరోజే, అదీ అన్నీ అయ్యాక. ఆ తర్వాత గుప్పెడు నూకలు పోసి రాయిని శుభ్రం చేయాలి. లేకపోతే మర్నాడు పసిపిల్ల ఉగ్గులో కారం తగులుతుంది.

ఆ వరస ఏడాదికేడాది చిన్నదైంది. అరవవాళ్లు ఇల్లు అమ్ముకుని పోయారు. మార్వాడీ ముసలమ్మ పోయింది, కోడలు పాకెట్ పిండి కొంటుంది. మా ఇల్లు ఒక పార్సీ దొరసానిది. ఆమె ఉన్నన్నాళ్లూ మమ్మల్ని కదలమనలేదు. ఆమె పోయాక ఇల్లు మేనల్లుడికి వచ్చింది. ఇక్కడే పెరిగినా ఇప్పుడు పుణెలో ఉంటాడు. బిల్డర్‌తో మాట్లాడుకున్నాడని, నేడో రేపో పడగొడతారని గల్లీ అంతా అన్నారు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. మెడలో కెమెరా, చేతిలో కాగితాలు. పాత ఇళ్లను చూసే చదువు చదివిందట. గిర్ని గుమ్మం ముందు నిలబడి తల పైకెత్తి అలాగే ఉండిపోయింది.

"ఆంటీ, ఈ ద్రాక్షగుత్తులు చూశారా! అంతా సున్నంతో చేసిందే. ఎంత బాగున్నాయో!"

"ఏం బాగు బిడ్డా! పిండి పోయి వాట్ల కూసుంటది. నిచ్చెనెక్కి తుడ్వలేక సస్తున్న."

ఆ అమ్మాయి నవ్వింది. తర్వాత నా తూకం పక్కన స్టూలు మీద కూర్చుని నిదానంగా చెప్పింది. ఈ గల్లీని మళ్లీ బతికిస్తారట. పాత ఇళ్లన్నీ చూసి ఒక లిస్టు రాస్తారట. లిస్టులోకి ఎక్కిన ఇంటిని పడగొట్టడానికి లేదు, ఓనరైనా సరే. బాగు చేయిస్తారు, లోపల ఉన్నవాళ్లు ఉండొచ్చు, దుకాణం నడుపుకోవచ్చు.

"అంటే నా గిర్ని ఉంటదా?"

"ఇల్లు లిస్టులోకి వస్తే ఉంటుంది ఆంటీ. నెల తర్వాత కమిటీ వస్తుంది. మీరేం మార్చకండి, ప్లీజ్. ఇట్లనే ఉంచండి."

ఇట్లనే ఉంచండి అంది. విన్నాను. చెవిటిదాన్ని కాను.

కానీ ఇంటికొచ్చే చుట్టం ఏమంటాడు? నా కోసం ఏం చేయకండి, ఉన్నదే పెట్టండి అంటాడు. అన్నాడని పచ్చిపులుసు పోసి పంపిస్తామా? అతను అలా అనాలి, మనం కోడిని కోయాలి. మర్యాద అంటే అదే. పెద్దవాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారంటే నాకు పెళ్లిచూపులే గుర్తొచ్చాయి. ఉన్నట్టే ఉండనీయండని మగపెళ్లివాళ్లు కబురు పెడితే, పిల్లకు తల దువ్వకుండా కూర్చోబెడతారా ఎవరైనా?

నేనొక్కదాన్నే అనుకోలేదు. గల్లీ అంతా అలాగే అనుకుంది. ఎదురింటి చాచా, రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరైన మనిషి, గోధుమలు పట్టించుకుంటూ అన్నాడు.

"అరే బేటీ, వాళ్లు తక్లీఫ్ వద్దనే అంటరు. మనం ఊకుంటే మన ఇజ్జత్ ఏంగావాలె?"

చాచా తన పాత తలుపుకు రంగు గీకించి మెరిసే గోధుమరంగు వేయించాడు. టీచరమ్మ మేడ మీద చెక్క రెయిలింగుకు వెండిరంగు పూయించింది. ఇప్పుడు నేను ఈ మాట చెప్పగానే ఆమె పెన్ను ఆపింది.

"అది కూడా రాయాలా?" అంటోంది.

"రాయున్రి టీచరమ్మా. మీరొక్కరే తెలివిగల్లోళ్లు అనుకుంటరు లేకుంటే."

నా గుమ్మం దగ్గరకు గల్లీ చివరింటి టైల్స్ మేస్త్రీ వచ్చాడు. నా పెనిమిటిని అన్నా అని పిలిచేవాడు.

"వదినా, గోడేంది గిట్ల పెచ్చులు పెచ్చులుంది? కమిటీవోళ్లు సూస్తే నవ్వరా? నా తాన పచ్చ టైల్స్ మిగిలినయ్. ఒక్క రోజుల పెళ్లికూతురు లెక్క చేస్త."

టైల్ పట్టాలంటే పాత సున్నం కొట్టేయాలన్నాడు. ఉలి పెట్టి కొడుతుంటే ద్రాక్షగుత్తులు పెళ్లలు పెళ్లలుగా రాలాయి. నేనే తట్టలోకి ఎత్తి, మూడు తట్టలు మూలన ఉన్న చెత్తకుండీలో పోశాను. పీడ వదిలిందనుకున్నాను. ఇక నిచ్చెన ఎక్కనక్కర్లేదు, తడిబట్టతో ఒక్క తుడుపు చాలు అనుకున్నాను. సాయంత్రం ఎండ పడి గోడ తళతళలాడితే, మా ఆయన ఉంటే ఎంత సంబరపడేవాడో అని కళ్లు తుడుచుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు.

కమిటీ వచ్చిన రోజు గుమ్మానికి బంతిపూలు కట్టాను. ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను. నలుగురు వచ్చారు, వెనక ఆ అమ్మాయి. గిర్ని ముందుకు వచ్చేసరికి ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"ఆంటీ... ద్రాక్షగుత్తులేవీ?"

"తీపిచ్చిన బిడ్డా. ఎట్లుంది, మంచిగుందా?"

కమిటీలో ఒక పెద్దాయన టైల్ మీద చెయ్యి పెట్టి చూశాడు. మెత్తగా, గుడ్డలు కొనేవాడు బట్ట చూసినట్టు. కాగితంలో ఏదో గీశాడు. తర్వాత చాచా తలుపు చూశారు, పైన వెండిరంగు రెయిలింగు చూశారు. పెద్దాయన టీ తాగి, చాలా బాగుందమ్మా అన్నాడు. నేను గోడ గురించే అనుకున్నాను.

అందరూ ముందుకు నడిచాక ఆ అమ్మాయి వెనక్కి వచ్చింది.

"నేను చెప్పాను కదా ఆంటీ, ఏం మార్చొద్దని."

"గట్ల అంటరు గని బిడ్డా... గట్లనే అంటరు గద అందరు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఏం చేశానో అప్పుడు అర్థమైంది నాకు. ఆమె మళ్లీ నోరు తెరవకముందే అర్థమైంది.

లిస్టు వచ్చింది. టీచరమ్మ రెండుసార్లు చదివింది, నేను నమ్మక మూడోసారి చదివించాను. మా గల్లీ నుంచి ఒక్కటే ఇల్లు ఎక్కింది. మూలమీద ఏళ్లకేళ్లుగా తాళం పడిన ఇల్లు. గోడలోంచి రావిమొక్క పొడుచుకొచ్చింది, లోపల పావురాలు. ఎవరూ లేరు కాబట్టి ఎవరూ సున్నం గీకలేదు, ఎవరూ పూలు కట్టలేదు.

ఆ అమ్మాయి చేతులు దులుపుకుని పోయుండొచ్చు. పోలేదు. మళ్లీ వచ్చి, టైల్స్ తీసేసి పాత పద్ధతిలో సున్నం వేయిస్తే కమిటీని ఇంకోసారి అడుగుతానంది. చాచా పాతబస్తీకి పోయి పాతకాలపు సున్నం గచ్చు పని తెలిసిన ముసలాయన్ని వెతికి తెచ్చాడు. ఆయనకు చూపు సరిగా లేదు. గోడను వేళ్లతో తడిమి, పైది తీస్తే గానీ చెప్పలేనన్నాడు.

టైల్స్ వేసిన మేస్త్రీయే తీశాడు. తలెత్తి నా వైపు చూడలేదు. సిమెంటు ఇటుకను గట్టిగా పట్టేసింది. ఒక్కో టైల్‌తో పాటు సగం ఇటుక ఊడొచ్చింది. మూడో రోజుకు గుమ్మం మీది దూలం బయటపడింది. లోపలంతా చెదలు. వేలు పెడితే పొడి రాలింది. గచ్చు ముసలాయన ఆ పొడిని చిటికెలో నలిపి, ఇన్నాళ్లూ ఆ సున్నమే దీన్ని పట్టి నిలబెట్టిందని చెప్పాడు. సంచీ సర్దుకున్నాడు. అన్నం తిని పొమ్మంటే కూడా ఉండలేదు.

ఆ వారమే ముసురు పట్టింది. గోడ ఉబ్బింది. మేడ మీద టీచరమ్మ మంచం కింద బీట పడింది. పుణె నుంచి మేనల్లుడు ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చాడు. అతను చెడ్డవాడని నేను అనను. మిఠాయి డబ్బా తెచ్చాడు, చెప్పులు బయట విప్పాడు.

"ఆంటీ, నేను ఒక్క ఇటుక తీయలే. మీరే తీసిన్రు."

"అవు బిడ్డా. మేమే తీసినం."

రెండో రోజు మున్సిపాలిటీవాళ్లు గోడకు కాగితం అంటించారు. ఇల్లు కూలేటట్టుంది, ఖాళీ చేయాలని. ఆ కాగితాన్ని పట్టుకుని ఆ అమ్మాయి ఏవో ఆఫీసులు తిరిగింది. నేనూ వెంట తిరిగాను. కుర్చీలో ఉన్నవాళ్లు కూర్చోమన్నారు, అర్జీ తీసుకున్నారు, చూద్దామన్నారు. ఆఖరి ఆఫీసు మెట్ల మీద ఆమె ఏడ్చింది. నేను ఓదార్చాల్సి వచ్చింది.

మెట్టుగూడలో గిర్ని పెట్టుకోను మల్గీ, అదే అద్దె దుకాణం గది, దొరుకుతుందేమోనని దుకాణాల వెంట తిరిగాను. మోటారు చప్పుడు, పిండి దుమ్ము, మాకొద్దు అన్నారు అంతా. ఒకాయన మాత్రం, ఇప్పుడు గిర్నీకెవరొస్తారమ్మా, దాని బదులు జిరాక్స్ పెట్టుకోరాదా అన్నాడు. ఏ కాగితం తలకిందులుగా ఉందో తెలియనిదాన్ని, జిరాక్స్ పెడతానా!

ఇప్పుడు మెట్టుగూడలోనే ఒక గదిలో ఉంటున్నాను. పొద్దున్నే బేగంపేటలో ఒక హాస్టల్‌కు పోయి చపాతీలు ఒత్తుతాను, పాకెట్ పిండితోనే. టీచరమ్మ కార్ఖానా బస్తీలో చెల్లెలి కూతురింట్లో ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక నేను పోతే, ఇదిగో, ఇలా రాసుకుంటున్నాం. మూలమీది ఇల్లు బాగుచేశారు. అందులో కాఫీ హోటల్ పెట్టారట. జనం వచ్చి గల్లీలో ఫోటోలు దిగుతున్నారట. గల్లీ బతికింది అంటున్నారు. బతికిందేమో. చాచా ఇంకా అక్కడే ఉన్నాడు, కాఫీ తాగడానికి ఒక్కసారి కూడా పోలేదన్నాడు.

గిర్నిలో చివరి రోజు మీటరు తీయడానికి కరెంటు మనిషి వచ్చాడు. చిన్న వయసు. అప్పటికి టీచరమ్మ బియ్యం తొట్టిలో పోసి ఉన్నాను. కార్ఖానాకు పోయేముందు పిండి పట్టించుకుంటానని ఆమే తెచ్చింది. సగం కింద పిండిగా పడింది, సగం పైన బియ్యంగానే ఉంది.

"అమ్మా, కరెంటు బంద్ జేయాలె," అన్నాడతను.

"జెర ఆగు నాయనా. గీ సోలెడు పట్టుకుంట."

అతను నిచ్చెన గోడకు ఆనించి నిలబడ్డాడు. ఫోన్ తీయలేదు, గోడకేసి చూస్తూ ఊరుకున్నాడు. నేను మామూలుగానే పట్టాను. నిదానం చేద్దామని మనసు లాగింది గానీ, నిదానం చేస్తే రాయి వేడెక్కి పిండి మాడు వాసన వస్తుంది. పట్టడం అయిపోయింది. సంచి మూతి కట్టి టీచరమ్మ చేతికిచ్చాను. వెచ్చగా ఉంది. ఆమె సంచిని ఒడిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

ఇంకెవరైనా వస్తారేమోనని గల్లీలోకి తొంగిచూశాను. ఎవరూ లేరు.

"ఇగ తీస్కో బిడ్డా," అన్నాను.