ఉచితంగా కుట్టిన ఫాలు

పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక నాకు చదువు పిచ్చి పట్టింది. దూరవిద్యలో ఎం.ఏ. అర్థశాస్త్రానికి ఫీజు కట్టాను. పుట్టిల్లు పులివెందుల, మెట్టినిల్లు ప్రొద్దుటూరు, ఆదివారం క్లాసులు జమ్మలమడుగులో. మా మామగారిది ప్రొద్దుటూరులో చీరల అంగడి. అంగడివాళ్ళ కోడలికి మార్కెట్ గురించి కొత్తగా చదివేదేముంటుందని మా ఆయన నవ్వాడు. నాకూ అలాగే అనిపించింది. పుస్తకం తెరిచాక ఒక్క ముక్క తలకెక్కలేదు.

పాతకాలపు ఆర్థికవేత్తల ప్రకారం వస్తువుకు విలువ శ్రమ వల్ల వస్తుంది. శ్రమ చేసినవాడికి కూలి, పెట్టుబడి పెట్టినవాడికి లాభం, భూమి ఉన్నవాడికి కౌలు. వాళ్ళ లోకంలో అందరూ ఈ మూడింట్లో ఏదో ఒకచోట ఉంటారు. నేను ఎక్కడున్నానా అని వెతుక్కున్నాను. దొరకలేదు.

మా అంగట్లో చీర కొంటే ఫాలు కుట్టడం ఉచితం. ఆ ఉచితం నేనే. సాయంత్రం అంగడి నుంచి చీరల మూట ఇంటికొస్తుంది, అన్నీ కుట్టి తిరిగి పంపాలి. పెళ్ళిళ్ళ కాలంలో సూది పోట్లకు వేళ్ళు మండిపోయేవి. మరి నా శ్రమ ఆ చీర ధరలో ఉందా, లేదా? ఉంటే ఎవరికి పోతోంది? లేకపోతే ఉచితంగా ఇస్తున్నది మామగారా, నేనా? డబ్బు కోసం కాదు నా గోల. నేను చేసేది కూడా పనే అని ఆ ఇంట్లో ఒక్కరంటే చాలనుకున్నాను.

జమ్మలమడుగు క్లాసులో లెక్చరర్‌ను అడిగాను.

"ఇంటిపని లెక్కలోకి రాదమ్మా," అన్నారాయన.

"ఇంటిపని కాదు సార్, అంగడి పని."

"అయితే జీతం తీసుకుంటే వస్తుంది."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తూ మామగారిని అడిగేశాను.

"మామా, నేను ఈ అంగడికి ఓనరునా, కూలిమనిషినా?"

ఆయన ముద్ద ఆపారు. "అదేం మాటమ్మా? నిన్ను ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ అన్లేదు. పుస్తకం చదువుతాంటే తెలీక అడుగుతాండా. ఫాలు బయట కుట్టిస్తే దుడ్లు ఇయ్యాల కదా?"

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మర్యాదస్తుడు, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ శనివారం అంగట్లో పనివాళ్ళకు కూలి ఇచ్చి, ఇంటికొచ్చి నాకూ ఇచ్చారు. బజార్లో టైలర్లు తీసుకునే రేటే, పైసా తగ్గించలేదు. నేను పుస్తకంలోకి ఎక్కేశానని సంబరపడిపోయి పులివెందులలో మా అక్కకు ఫోన్ చేశాను.

"అయితే మీ మామకాడ జీతానికి చేరినావా మే?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సూరత్ నుంచి కొత్త సరుకు వస్తే ముందు ఒక బేలు, కట్టిన మూట కట్టినట్టే, ఇంటికే తెస్తారు. పసుపు కుంకుమ పెట్టి విప్పి, ఇంటి ఆడవాళ్ళు తలా ఒక చీర తీసుకున్నాకే మిగిలినవి అంగడికి పోతాయి. శ్రావణమాసం ముందు బేలు వచ్చింది. అత్త ఒకటి తీసుకుంది, ఆడబిడ్డ ఒకటి తీసుకుంది. నేను నెమలికంఠం రంగు చీర మీద చెయ్యి వేశాను.

"అది అంగడికి పోనీలేమ్మా," అంది అత్త. "నీకు దుడ్లు వస్తాండాయి గదా. నచ్చింటే ఆడ కొనుక్కో."

ఎత్తిపొడుపు కాదు, కోపం కాదు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది. ఏమని పోట్లాడను? కూలి వద్దు, చీర కావాలనాలా? కూలీ కావాలి, చీరా కావాలనాలా? ఆమె అన్నదాంట్లో తప్పెక్కడుందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఏడుపు మాత్రం వచ్చింది.

మర్నాడు రోషంతో అంగడికి వెళ్ళి ఆ చీరే కొన్నాను. సాయంత్రం మూటలో మిగతా చీరలతో పాటు అదీ ఇంటికొచ్చింది. దానికీ ఫాలు కుట్టాను. శనివారం మామగారు ఆ చీరకు కూడా లెక్కకట్టి కూలి తెచ్చారు. వద్దనాలో తీసుకోవాలో తెలియక చెయ్యి చాపాను.

"సరిపోయిందో లేదో చూసుకోమ్మా," అన్నారు, అంగట్లో పనివాళ్ళతో అన్నట్టే.